నాలుగు ముక్కులకు ఒక జోడు

నేను ఒక చత్వారపు కళ్ళజోడును. నా సొంత ముఖమంటూ లేదు గానీ ముక్కులు చాలా చూశాను. మనుషుల గురించి నాలుగు మాటలు చెప్పే అర్హత నాకు అక్కడే వచ్చింది.

ఒంగోలులో ఒక చిన్న కొట్లో నన్ను బిగించారు. గోధుమరంగు చట్రం, కాస్త బరువు. నన్ను కొన్నది రిటైరైన పోస్ట్‌మాన్ కోటిలింగం గారు. ఊరందరి ఉత్తరాలూ మోశారు గానీ ఆయన పేరిట వచ్చినవి తక్కువట. అందుకేనేమో, సాయంత్రం వేములపాడు శాఖా గ్రంథాలయానికి వచ్చి, పేపరును తనకొచ్చిన ఉత్తరంలా పై నుంచి కింది దాకా చదివేవారు. ఒకరోజు నన్ను పేపరు మీదే మరిచిపోయి వెళ్ళారు. మళ్ళీ రాలేదు. మర్నాడు గుండెపోటుతో పోయారని వారం తర్వాత తెలిసింది. గ్రంథపాలకురాలు హైమావతి కబురు పెడితే ఆయన కొడుకు, "మేమేం చేసుకుంటామమ్మా, అక్కడే ఉంచండి" అన్నాడు. పోయినవాళ్ళ ఉంగరాన్ని మనుషులు వదులుకోరు, కళ్ళజోడును మాత్రం ఇట్టే వదిలేస్తారు. నాకు చాలా కోపం వచ్చింది. సొరుగులో పడి ఉన్నవాళ్ళ కోపం ఎవరికి కావాలి?

నన్ను బయటికి తీయించింది మస్తాన్‌బీ. పొగాకు కంపెనీలో ఆకు గ్రేడు చేసే మనిషి, ఒంటరిది. యాభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంది. అక్షరాలు వచ్చేసరికి చూపు మందగించింది. "మేడంగారూ, ఆ జోడు ఒకసారి ఇత్తారా?" అని అడిగింది. నన్ను పెట్టుకుని, ఒక శీర్షికను కూడబలుక్కుని చదివి, తనే నవ్వుకుంది. మర్నాడు తనతో పనిచేసే అచ్చమ్మను, ఇంకో ఇద్దరినీ వెంటబెట్టుకొచ్చింది.

అలా నాలుగు ముక్కులకు నేనొక్కడినే అయ్యాను. ఒకరు చదివి, నన్ను తీసి, పక్కకు చాచేవారు. పక్కనున్నది అందుకునేది. వంతు రానివాళ్ళు ఊరికే కూర్చోరు కదా. మోకాళ్ళ నొప్పులు, కోడళ్ళు, మేస్త్రీ నోటి దురుసు, అన్నీ ఆ బల్ల దగ్గరే చెప్పుకునేవారు. ఇంకో జోడు తెప్పిస్తానని హైమావతి అంటే నలుగురూ వద్దన్నారు. హాజరు పుస్తకంలోనూ రోజుకొకరే సంతకం పెట్టేవారు. "చదివేది ఒక్క పేపరే గదా, నాలుగు సంతకాలెందుకు?" అనేది అచ్చమ్మ.

పోయినేడు పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. చిన్న గ్రంథాలయాల వల్ల సమాజానికి కలిగే విలువ ఎంతో కొలుస్తారట, తక్కువ తేలినవాటిని పట్నంలోని గ్రంథాలయంలో కలిపేస్తారట. ఆ లెక్క కట్టడానికి ట్యాబ్ పట్టుకుని ఒక అమ్మాయి వచ్చింది. జనం మొహమాటపడకుండా చెప్పాలని హైమావతిని వరండాలోకి పంపింది. పాపం, మంచి పిల్లే. కానీ అడిగిన ప్రశ్న చూడండి: "ఈ గ్రంథాలయం ఉండాలంటే నెలకు ఎంత ఇస్తారు? ఊరికే అంచనాకే లెండి."

నలుగురూ ముఖాలు చూసుకున్నారు. అచ్చమ్మ మెల్లగా, "నోరు జారావో, వచ్చే నెల నుంచి కట్టమంటారు. కుళాయి పన్ను ఇట్టనే మొదలైంది" అంది.

మస్తాన్‌బీ అప్పుడు నన్ను పెట్టుకునే ఉంది. నెలకు యాభై ఇవ్వగలదు, ఇచ్చేది కూడా. కానీ ఆమె పక్కకు తిరిగి అచ్చమ్మ చిరుగుల చీర చూడడం నా అద్దాల్లోంచే జరిగింది.

"ఏమీ ఇవ్వలేం పాపా, సున్నా రాసుకో" అంది.

మిగతా ముగ్గురూ అదే అన్నారు. ఆ పిల్ల సున్నా నొక్కింది. నలుగురూ గండం గడిచినట్టు ఊపిరి పీల్చుకున్నారు. నాకు నోరు లేనందుకు అంతగా ఏడ్చిన రోజు ఇంకొకటి లేదు.

మూడు నెలలకు బీరువాలు లారీ ఎక్కాయి. నేను ఏ జాబితాలోనూ లేను కనక ఎక్కలేదు. హైమావతి నన్ను మస్తాన్‌బీ చేతిలో పెట్టింది. "అందరూ సున్నా అన్నారట, మస్తాన్‌బీ. ఎందుకన్నారు?" అని అడిగింది. ఆ గొంతులో కోపం లేదు.

తాము చెప్పిన సున్నానే గ్రంథాలయం విలువగా లెక్కకట్టారని మస్తాన్‌బీకి అప్పుడు అర్థమైంది. "ఫీజు పెడతారేమోనని, అచ్చమ్మ వల్ల కాదని..." అంటూనే ఆగిపోయింది. హైమావతి ఆమె భుజం మీద చెయ్యి వేసి, తాళాలు ఇచ్చిరావడానికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు నేను అచ్చంగా ఒకరి సొంతం. సొరుగులో పడి ఉన్నప్పటి నుంచీ కోరుకున్నదే. అచ్చమ్మావాళ్ళు పని దిగి ఎవరిళ్ళకు వాళ్ళు పోతున్నారు. మస్తాన్‌బీ బజార్లో పాత పేపరు కొని తెచ్చుకుంటుంది. సాయంత్రం గడప పక్కన కూర్చుని, నన్ను పెట్టుకుని, ఒక వార్త పైకి చదువుతుంది. చదివాక నన్ను తీసి, చీర కొంగుతో తుడిచి, అలవాటుగా పక్కకు చాస్తుంది.

అందుకునేవాళ్ళు ఉండరు. చెయ్యి కాసేపు అలాగే ఉంటుంది.