వంక పారిన ఆదివారం

లేవికి బాప్తిస్మమంటే భయం లేదు. భయమల్లా తన నోరంటేనే. కోపమొస్తే అది ముందూ వెనకా చూడదు. ముందు మంచివాణ్ణవుతాను, తర్వాత మునుగుతాను అని పెళ్లయినప్పటి నుంచీ చెబుతున్నాడు. ఆయన మంచివాడయ్యేలోపు ఆ ఊరి గుడికి ఎందరు పాస్టర్లు వచ్చి పోయారో. ప్రభు భోజన సంస్కారం ఇచ్చే ఆదివారం రొట్టె పళ్లెం మగవాళ్ల వైపు తిరిగితే, భార్య రాహేలమ్మ ఓరకంట చూసేది. బాప్తిస్మం లేని లేవిని అది దాటిపోయేది. ఆమె నోట్లో రొట్టె చేదయ్యేది.

ఈ ఏడు వానలు దండిగా పడి ఊరి పక్క వంక పారింది. కర్నూలు సీమలో నీళ్లు ఎవరికోసమూ ఆగవు కనుక, వసంతకుమార్ పాస్టరు ఈ ఆదివారమే బాప్తిస్మాలు అన్నాడు. రాహేలమ్మ బతిమాలి బామాలి మొగుణ్ణి ఒప్పించింది, తెల్ల పంచె ఉతికి పెట్టింది.

తీరా ఆ ఆదివారం పొద్దున్నే లేవి అంగడికి పోయి, విత్తనం మొలవలేదని, అది అమ్మిన వీరభద్రయ్యను నలుగురిలో దొంగ అని తిట్టి వచ్చాడు. వచ్చి గోడకు చేరగిలబడ్డాడు. పంచె ముట్టుకోలేదు.

"నేను రాను. ఈ నోటితో ఏం మునిగేది? మంచోన్నయినాంక చూస్తాం."

రాహేలమ్మకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"నీ అంతట నువ్వే మంచోనివైతే ఇంగ ఆ ప్రభువుతో నీకేం పనుండాది? ఇట్లాంటోనివనే గదయ్యా పిలుస్తాండాడు."

లేవి లేచి పంచె కట్టుకున్నాడు.

వంకలో నడుములోతు నీళ్లున్నాయి. మునిగి లేచిన లేవి చిన్నపిల్లాడిలా నవ్వుతుంటే రాహేలమ్మకు కళ్లు నిండాయి. ఇన్నేళ్ల దిగులు ఒక్క మునకతో పోయింది. అందరూ పాటలు పాడుకుంటూ గుడికి బయలుదేరారు.

దారిలో వీరభద్రయ్య అంగడి వచ్చింది. లేవి వరస తప్పి, తడి పంచెతోనే అటు తిరిగాడు. పాట ఆగిపోయింది. మళ్లీ మొదలుపెడతాడేమో, నా కర్మ, అనుకుని రాహేలమ్మ వెనకాలే పరుగెత్తింది.

లేవి అంగడి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అన్నా, పొద్దున నలుగుర్లో నిన్ను దొంగన్నా. తప్పయిపాయ. మన్నించు."

వీరభద్రయ్య తక్కెడ కింద పెట్టి, ఆయన్ను ఎగాదిగా చూశాడు.

"ఏమప్పా, ఇట్ల అడగమని మీ దేవుడు ఇప్పుడు చెప్పినాడా?"

"ఎప్పట్నుంచో చెప్తానే ఉండాడన్నా. ఈ పొద్దు నాకు చేతనయింది."

వీరభద్రయ్య భుజం మీది తుండుగుడ్డ తీసి, తల తుడుచుకోమని ఇచ్చాడు. రాహేలమ్మకు సంతోషం పట్టలేదు. ఆగిన పాటను నడివీధిలో తనే గొంతెత్తి అందుకుంది.