గసగసాల కుటుంబంలో ఒక కొత్త షీటు

రోజూ ఒంటిగంటకు ఎండుమొక్కల భవనంలో ఇనప బీరువాలన్నీ మూసేసి అందరూ భోజనానికి వెళతారు. రెండింటికి తిరిగొచ్చి తలుపులు తీసేసరికి కొన్ని షీట్లు చోటు మారి ఉంటాయి. అట్టకు అతికించిన ఎండుమొక్క తన రక్తసంబంధం వెతుక్కుంటూ వెళ్ళి, దాని పక్కన పడుకుని ఉంటుంది. ఏది ఎక్కడికి చేరిందో రిజిస్టరులో రాసుకోవడం లేబుళ్ళావిడ పని. పదకొండేళ్ళుగా అదే పని.

ఆమె చేతికింద ఉన్నది గసగసాల కుటుంబం, పన్నెండు అరలు. అందులో చాలా మొక్కల్ని తుంచితే పాలు కారతాయి. కొన్నిటికి తెల్లవి, కొన్నిటికి పసుపువి, ఒకదానికి అచ్చం నెత్తురే. పాలు లేని సన్నాకుల మొక్కలు కొన్ని ఉండేవి. అవి వేరే కుటుంబమని పెద్దవాళ్ళు ఏనాడో వేరే బీరువాలో పెట్టారు. ఒకనాటి భోజనాల వేళ అవన్నీ మూకుమ్మడిగా వచ్చి గసగసాల అరల్లో దూరాయి. పైఅంతస్తులో జన్యువులు చూసే ఆయన ఆకుముక్కలు పట్టుకెళ్ళి మూడు నెలలు తంటాలు పడ్డాడు. రెండు రకాల్లోనూ ప్రోటోపిన్ అనే ఒకే చేదు పదార్థం ఉందని కూడా చూశాడు. చివరికి దిగొచ్చి, "ఒకటే కుటుంబం. ఈ షీట్లు ఇలాగే పనిచేస్తే నా ఉద్యోగం ఊడుతుంది," అన్నాడు.

ఆ ఏడాదే ఆమె తొమ్మిదేళ్ళ కూతురికి ఎముకల్లో మూలుగ చెడిపోయింది.

ఇంకొకరి మూలుగ ఎక్కించాలి, అది పాపదానితో కలవాలి అన్నారు. తల్లిదీ తండ్రిదీ సగమే కలిసింది, ఆ సగాన్ని పాప ఒళ్ళు ఒప్పుకోదన్నారు. తమ్ముడిది అసలు కలవలేదు. రెండు వైపుల చుట్టాలూ ఒక్కొక్కరే వచ్చి పరీక్షకి రక్తం ఇచ్చి, ఒక్కొక్కరే తల దించుకుని వెళ్ళారు.

"మూడు వారాలు," అంది డాక్టరు. "ఆ తర్వాత ఎవరైనా దొరికినా పాప తట్టుకోలేదు."

నొప్పికి మార్ఫిన్ ఎక్కిస్తున్నారు. గసగసాల కాయ పాలలోంచి తీసే మందు. మొక్క దాన్ని ఎలా తయారు చేస్తుందో లేబుళ్ళావిడకు మెట్టు మెట్టుకీ తెలుసు. దారిలో ఒక్క జన్యువు పనిచేయకపోతే పాలు మామూలుగానే కారతాయి, వాటిలో మందు మాత్రం ఉండదు.

"అమ్మా, ఇది నీ మొక్కల మందేనా?"

"అవునమ్మా."

"మరి నొప్పి తగ్గిస్తున్నాయి కదా, నన్ను బాగు చెయ్యమని కూడా చెప్పొచ్చుగా వాటికి."

ఆమె దుప్పటి సర్దింది. చికిత్సకి ఊడిన జుట్టు దిండు నిండా ఉంది. దాన్ని ఏరి, ఒక కవరులో వేసుకుంది.

బీరువాల్లో మొక్క తప్ప మరేదీ పెట్టకూడదని నియమం. ఆ కాగితం రాసి తలుపుకి అంటించింది కూడా ఆమే. మర్నాడు ఆ జుట్టుని పొందిగ్గా అట్టమీద పరిచి, సన్నటి టేపు వేసింది. కింద లేబులు రాసింది. సేకరించిన చోటు: మూడో వార్డు, కిటికీ పక్క మంచం, దిండు. సేకరించినది: తల్లి. కుటుంబం అన్నచోట ఏం రాయాలో తోచక వదిలేసింది. షీటుని అట్టడుగు అరలో పెట్టి భోజనానికి వెళ్ళింది, తినకుండా తిరిగొచ్చింది.

షీటు పెట్టిన చోటే ఉంది. రెండోరోజూ అంతే. మూడోరోజు పాపకి జ్వరం నూటనాలుగు దాటింది, షీటు మాత్రం కదల్లేదు. నాలుగోరోజు తలుపు తీస్తే అది లేదు.

పన్నెండు అరలూ గుమ్మరించినంత పనిచేసింది. బలురక్కసి మొక్కల కట్టలో కనపడింది. రోడ్డు పక్క మొలిచే ముళ్ళమొక్క అది. దాన్ని ఆనుకుని ఉంది తన కూతురి షీటు. ఆమెకు ఒళ్ళు మండింది. 'నా బిడ్డకి దిక్కు ఈ ముళ్ళకంపా?' అనుకుంది. పదకొండేళ్ళ అలవాటు కొద్దీ భూతద్దం మాత్రం చేతిలోకి వచ్చింది. బలురక్కసి కాడమీది టేపు కింద ఒక పొడవాటి వెంట్రుక ఇరుక్కుని ఉంది.

అది ఎవరిదో చెప్పడానికి లేబులు అక్కర్లేదు. కొండలు తిరిగి మొక్కలు పట్టుకొచ్చే కొండలక్క ఏనాడూ జుట్టు ముడేసుకోదు. ఆమె తెచ్చిన ప్రతి షీటులోంచీ చిమటాతో వెంట్రుకలు ఏరి చెత్తబుట్టలో వేసింది లేబుళ్ళావిడే. టేపు కింద ఉండబట్టి ఇదొక్కటి తప్పించుకుంది.

కొండలక్క వెనకగదిలో తడి కాగితాలు మారుస్తోంది.

"అక్కా, ఈ వెంట్రుక నీదేనా?"

"వెంట్రుకలున్నాయని ఇంకో మెమో తెచ్చావా? మూడున్నాయి నా దగ్గర. నాలుగోది పటం కట్టించుకుంటా."

"మెమో కాదు. ఈ షీటు నీ వెంట్రుక పక్కకి వచ్చింది."

కొండలక్క లేబులు చదివింది. దిండు అన్నచోట ఆగింది. "ఇది మొక్క కాదుగా."

"కాదు."

"నువ్వు, మొక్క కానిదాన్ని, బీరువాలో పెట్టావా?"

"పెట్టాను."

కొండలక్క ఇక వేళాకోళం ఆడలేదు. చేతులు కొంగుకి తుడుచుకుంటూ అంది: "నన్ను నెలల పిల్లగా ఉండగానే అనాథాశ్రమం గుమ్మంలో వదిలేశారు అమ్మాయ్. నాకు ఏ వైపు చుట్టాలూ లేరు. ఇప్పుడేం చెయ్యాలి?"

"ముందు రక్తం ఇవ్వాలి."

"సూదంటే చచ్చేంత భయం నాకు," అంటూనే చెప్పులేసుకుంది. "పద, పద. బస్సు పోతుంది."

ఐదురోజుల తర్వాత ల్యాబు నుంచి ఫోను. మూలుగ కలిసిందో లేదో తేల్చే గుర్తులు పదికి పదీ కలిశాయి. అవతలి మనిషి ఇంకా ఏదో చెబుతూనే ఉంది. లేబుళ్ళావిడ రిసీవరు గుండెకి అదుముకుని నిలబడిపోయింది.

మూలుగ ఎక్కించిన రోజు, తుంటి దగ్గర కట్టుతో, మూతికి గుడ్డతో, చక్రాల కుర్చీలో కూర్చుని కొండలక్క వార్డులోకి వచ్చింది. ఎర్రటి సంచీలోంచి ఒక్కొక్క చుక్కే దిగుతోంది. పాప ఆమెని పైనుంచి కిందికి చూసింది.

"అమ్మా, ఈవిడ మనకేమవుతారు?"

వేల షీట్లకి వరసలు రాసిన మనిషి కొండలక్క వైపు చూసింది.

"ఇంకా తేల్చలేదు తల్లీ," అంది కొండలక్క. "ప్రస్తుతానికి పక్కపక్కన పెట్టారు."

పాప గొట్టం లాగకుండా, మెల్లగా, మంచంమీద ఒక పక్కకి జరిగి చోటిచ్చింది.