కిస్ట్లర్‌ల కొట్టానికి ఊపిరాడని రోజు

పాకం మాడబోయే ముందు వచ్చే తీపి వాసన ఉంటుందే, అది నిన్నటి నుంచీ సలోమి ముక్కుని వదల్లేదు. పొద్దున్నే పాలు పితుకుతూ తలెత్తి తలెత్తి చూసింది. కింద పదకొండు ఆవులు, వాటి నెత్తిన అటక, అటక నిండా ఎండుగడ్డి. సగం ఆరీ ఆరకముందే వాన తరిమితే, ఆరు రోజుల కింద హడావిడిగా బండ్లకెత్తి తెచ్చిన గడ్డి.

"ఏమండీ, తడి గడ్డి లోలోపల కాగుతోందేమో, తనంతట తనే అంటుకుంటుంది," అంది మొగుడితో.

"నీకన్నీ అనుమానాలే," అన్నాడు ఆమన్. "జర్మనీ నుంచి ఓడలో ఈ దేశమొచ్చిన మా కిస్ట్లర్ ముత్తాత పొలంలో రాళ్లేరి కట్టిన గోడలివి. గడ్డికి గాలాడాలని నిలువునా సందులొదిలాడు. ఎనభై ఏళ్లలో కానిది ఇప్పుడవుతుందా?"

ఆ సందుల మాటే ఆమెని గుచ్చింది. కిందటి చలికాలం మంచు లోపలికి కొడుతోందని వాటిలో గోనెపట్టాలు కుక్కింది తనే. ఎండలొచ్చాక తీద్దామనుకుని మరిచిపోయింది. ఇప్పుడవి ఇరవై బండ్ల గడ్డి వెనక ఉన్నాయి. చెబితే అత్త రెబెకా బతికున్నన్నాళ్లూ దెప్పుతుంది. చెప్పకపోతే?

ఆమె అటకెక్కింది, వెనకే ఆమనూ. గోడ పక్కన గడ్డిలోకి పొడవాటి ఇనప కడ్డీ దించింది. కాసేపాగి లాగి పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది.

"సందులు మూసేశానండీ. నేనే. గోనెలు కుక్కాను."

ఆమన్ కడ్డీ ముట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. కింద నుంచి అత్త అందుకుంది. "నాలుగు తరాలుగా ఊపిరి పీల్చిన కొట్టానికి నా కోడలు ఒక్క చలికాలంలో ముక్కు మూసింది. ఇంకా చూస్తావేంరా? ఆవుల్ని నేను తోలుకుపోతా."

"ముందు గోనెలు లాగేస్తాను," అని సలోమి కదిలింది.

ఆమన్ జబ్బ పట్టుకు ఆపాడు. "ఇప్పుడు గాలి తగిలితే భగ్గుమంటుందే. నెమ్మదిగా గడ్డే తీసెయ్యాలి."

నీళ్ల బకెట్లు పక్కన పెట్టుకుని ఇద్దరూ గడ్డి ఎత్తే పంగలకర్రలు పట్టారు. బండ్లు పైకెక్కే మట్టి కట్ట మీంచి గడ్డిని కిందికి దొర్లించారు. మధ్యాహ్నానికి లోపలి పొర బయటపడింది. కాఫీపొడిలా నల్లగా, పొగలు కక్కుతూ. ఒక్కో మోపుకీ నీళ్లు చల్లుతూ, ఇదే అంటుకుంటుందనుకుంటూ లాగింది సలోమి. సాయంత్రం ఆఖరి మోపు కట్ట దిగి, తడి పొలంలో పడ్డాక అంటుకుంది.

"కాలితే కాలనీ," అంది అత్త. "రండి, సూప్ చల్లారిపోతోంది."

"మరి ఆవులు, అత్తయ్యా?"

"నా క్యాబేజీ మడుల్లో ఉన్నాయి. నీకంటే నయం, ఏం పాడుచేసినా అరిచి చెప్పే చేస్తాయి."

సలోమి గోడ మీద చెయ్యి వేసింది. రాయి ఇంకా వెచ్చగానే ఉంది.

"మీరు తినండి, ఇది చల్లారేదాకా నేనుంటా," అని అక్కడే కూర్చుంది.