ఇంట్లో ఇద్దరు బాలింతలు

అన్నపూర్ణకు ఐదో నెలలో కడుపు పోయిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో వెల్లుల్లి కారం వాసన తగ్గలేదు. "నిలిచినా పోయినా కానుపు కానుపే" అని అత్తగారు హైమావతి పెద్దకోడలి చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ కట్టి, నడిమింట్లో మంచం వేయించింది. పెళ్లయిన తొమ్మిదేళ్లకు వచ్చిన కడుపు అది. ఇక వేణ్ణీళ్లు కాచడం, కారం నూరడం, పక్కబట్టలు ఉతకడం చిన్నకోడలు తేజస్వి వంతు.

తేజస్వికీ రక్తం పోతోంది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆమె చంటిదానికి ఇంకా ఏడాది నిండలేదు. ఆ కానుపులోనే తేజస్వికి రక్తం ఎక్కించాల్సి వచ్చింది. మళ్లీ అప్పుడే తొందరపడొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపింది. తొందరపడింది ఎవరో దేవుడికెరుక, మొగుడు కార్తీక్‌కి ఇంకా బాగా ఎరుక. నెల తప్పిందని చెప్పగానే ఆ మహానుభావుడు ఏ డాక్టరుకూ చూపించకుండా మందుల షాపులో టాబ్లెట్లు కొనుక్కొచ్చి చేతిలో పెట్టాడు. "రక్తం ఎంత పోతే అంత మంచిదంట. లోపలంతా శుభ్రమైపోద్దంట" అని షాపువాడి మాట కూడా అప్పగించి, వరికోత మిషన్ తోలుకుంటూ కృష్ణ దాటి మిర్యాలగూడ వైపు పోయాడు. ఇల్లంతా అన్నపూర్ణ కడుపు సంబరంలో ఉంటే, తేజస్వి బాత్‌రూమ్ గోడ పట్టుకుని పళ్లు బిగించింది.

పోవాల్సిందంతా పోతోందిలే అనుకుంది. మూడు వారాలైనా అది పోతూనే ఉంది. బిందె ఎత్తితే కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. ఫోన్ చేస్తే కార్తీక్ మిషన్ రొదలో అరిచాడు. "వేడి చేసుంటదే! సబ్జా నీళ్లు తాగు!" తాగింది. సబ్జా గింజలు పాపం వాటికి చేతనైంది అవి చేశాయి.

అన్నిటికన్నా బాధ ఆ కారం అన్నం దగ్గర. తోడికోడలికి కలుపుతూ ఓ ముద్ద తన నోట్లో వేసుకుంది. దొంగతనం చేసినట్టనిపించింది. తన చెవుల్లోనూ ఎవరైనా ఇంత దూది పెట్టి, కాస్సేపు పడుకోవే అంటే బాగుండుననిపించింది. అంతలోనే సిగ్గేసింది. తాను వద్దనుకున్నందుకు దేవుడు అక్క కావాలనుకున్నదాన్ని కూడా పట్టుకుపోయాడేమోనని భయం వేసింది. ఎవరితో చెప్పుకుంటుంది?

ఆ మధ్యాహ్నం అత్తగారు మిరపకోతల దగ్గరికి వెళ్లింది. చంటిది ఉయ్యాల్లో నిద్రపోతోంది. తేజస్వి వేణ్ణీళ్ల గిన్నె తెచ్చి మంచం పక్కన పెట్టింది.

"అక్కా, నీకు రక్తం ఎన్నాళ్లు పోయింది?"

"నాలుగు రోజులు బాగా. తర్వాత మరకలే. ఏందే?"

"ఊరికే అడిగా."

"లోపల ఏదన్నా ముక్క మిగిలితే ఆగదంట. గడ్డలు పడ్డా, చలిజొరమొచ్చినా ఉరుక్కుంటా రమ్మంది డాక్టరమ్మ. ఆలస్యమైతే చానా ప్రమాదమంట."

గడ్డలు పడుతున్నాయి. పొద్దున చలిజ్వరమూ వచ్చింది. తేజస్వి నేలమీద చతికిలబడింది.

అన్నపూర్ణ లేచి కూర్చుంది. "ఏమే, నీకేమైంది? నెల తప్పావా? మాకు చెప్పలేదేందే?"

దానంతటదే పోయిందక్కా అంటే సరిపోయేది. అన్నపూర్ణ దగ్గరికి తీసుకుని తనతోపాటు ఏడ్చేది. కానీ ఆ ఓదార్పు తనది కాదనిపించింది తేజస్వికి.

"నేనే తీసేసుకున్నానక్కా. టాబ్లెట్లు మింగా."

"ఎప్పుడు?"

"నీకు పూలు ముడిచిన వారంలో. ఇంకోదాన్ని మోసే సత్తువ నాకు లేదక్కా."

"కని నాకిచ్చినా పెంచుకునేదాన్ని గదే" అని అన్నపూర్ణ గోడవైపు తిరిగిపోయింది. భుజాలు కదులుతున్నాయి గానీ గొంతు బయటికి రాలేదు.

ఇక చెప్పాల్సింది లేదు. వెళ్లిపోదామని తేజస్వి గోడ పట్టుకుని లేచి, రెండడుగులు వేసి, గుమ్మం దగ్గర కూలబడింది. ఆ చప్పుడుకు అన్నపూర్ణ ఇటు తిరిగింది. బండల మీద రక్తం చూసింది. వెంటనే మొగుడు గోపీచంద్‌కి ఫోన్ చేసింది.

"ఏమయ్యో, ఆటో తీసుకుని ఉన్నపళంగా రా. తేజూని సత్తెనపల్లి పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. అయ్యన్నీ తర్వాత. ముందు రా."

మంచం దిగకూడని మనిషి దిగి, తేజస్వి నడుముకు తన దుప్పటి చుట్టింది. ముఖంలోకి మాత్రం చూడలేదు. "కోపం పోయిందనుకోమాక. డాక్టరమ్మకు మాత్రం టాబ్లెట్లు మింగానని చెప్పు. దాచావంటే చస్తావ్."

"నువ్వు రావా అక్కా?"

"రాను."

ఆటో వచ్చింది. గోపీచంద్ మరదలి ముఖం చూసి, గబగబా లేపి ఆటోలో కూర్చోబెట్టాడు. హారన్‌కు ఉయ్యాల్లో చంటిది లేచి కేరుమంది. అన్నపూర్ణ దాన్ని ఎత్తుకుని గుమ్మం దాకా వచ్చింది. పిల్ల తల్లికోసం చేతులు చాస్తుంటే గుండెలకు అదుముకుని, అప్పుడు చూసింది తేజస్వి కళ్లలోకి.

"ఇది నాకొద్దు. నీ పిల్ల. తిరిగొచ్చి తీసుకో."