సీసా మీద సిందూరం

నేను ఒక ఇనుప రాడ్డుని. ఈ క్షణాన సన్యాసిరావు రొమ్ము మీద పడి ఉన్నాను. వాడి కుడి చంక దగ్గర ఏదో పటుక్కున తెగింది. వాడు పెట్టిన కేకకి జిమ్ము అద్దాలు అదిరాయి.

ఇద్దరు నన్ను లేపి పక్కన పారేశారు. జిమ్ము నడిపే చిట్టిబాబు మాస్టారు నన్ను కాలితో తన్నాడు.

"ఈ రాడ్డే వంకరగుంది! పాతినుముకి పడీండ్రా!"

నేనా వంకర! లారీ ఇరుసుగా పుట్టి, లేతు మిషను మీద నునుపు తేలి, విజయనగరంలోని ఈ జిమ్ముకి వచ్చాను. ఎన్నో అరచేతుల తోలు వలిచాను గానీ, ఎవడి రొమ్మూ చీల్చలేదు. కండ పెరిగితే మనుషులు అద్దం చూసుకుని మురుస్తారు, దెబ్బ తగిలితే నన్ను తిడతారు. అది మామూలే.

సన్యాసిరావు సంగతే మామూలు కాదు. వేసవిలో నన్ను లేపడానికి గిజగిజలాడేవాడు. తర్వాత కాలు బెణికి కొన్ని వారాలు ఇటు తొంగిచూడలేదు. తిరిగొచ్చేసరికి చొక్కా భుజాల దగ్గర పిగిలిపోతోంది! మునుపెన్నడూ మోయని బరువుని అలవోకగా లేపాడు. ఇనుము ముట్టకుండా కండ ఎలా వచ్చింది? అప్పుడే నాకు అనుమానం పుట్టింది. కండ ఉబ్బింది గానీ, దాన్ని ఎముకకు కట్టే తాడు పాతదే. ఈ వేళ తెగింది అదే.

కబురు విని వాడి పెళ్లాం పైడమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఈ చెయ్యి మళ్లీ లేస్తాదా, మాస్టారూ? లారీ తోలి బతికేవోడండీ!"

తువ్వాలు కోసం వాడి సంచి దులిపింది. చిన్న మందుసీసా దొర్లి నా పక్కన ఆగింది. ఎవరో తీసి చదివారు. టెస్టోస్టిరాన్! కండ ఉబ్బించే హార్మోను మందు!

మాస్టారు తలబాదుకున్నాడు. "దొంగసూదులేసుకున్నాడమ్మా! నాకేటి తెలుసు? ఎక్కడ కొన్నాడో!"

పైడమ్మ సీసా అందుకుని చూసింది. మూత మీద నారింజరంగు బొట్టు. ఆమె చూపు నా మీదికి మళ్లింది. నా నడుం మీదా అదే బొట్టు. నిన్న ఆయుధపూజ. ఊరంతా కుంకుమ పెడితే, నూనెలో కలిపిన ఆంజనేయుడి సిందూరం పెట్టేది మాస్టారొక్కడే. తన చేత్తో, తన సామాన్లన్నిటికీ. భక్తిలో ఒక్కటీ వదల్లేదు.

"మీకు తెలీని మందుకి మీ బొట్టేటండీ?"

నేలమీద సన్యాసిరావు కళ్లు తెరిచాడు.

"బలం మందన్నాడే, పైడీ. ఈ పొద్దున కూడా పూజలో పెట్టిన సీసా తీసి సూది పొడిచాడు. మిగిలింది రేపటికి దాచుకోమన్నాడు." వాడి ఎడమచెయ్యి పైకి లేచింది. "నన్ను నాశనం చేసినోడు ఈ చిట్టిబాబే!"