నేల మీది చోటు

ప్రతి సెప్టెంబరులోనూ నేను మా ఆయన డెల్మర్ వేట బట్టలు మూడుసార్లు ఉతుకుతాను. మొదట వట్టి నీళ్ళతో, తర్వాత వాసన లేని సబ్బుతో రెండుసార్లు. వంటింటి వాసన తగలకుండా కొట్టాం వెనక తీగ మీద ఆరేసి, ఓక్ ఆకులు పరిచిన పెట్టెలో మడతపెట్టి మూత బిగిస్తాను. పెళ్ళయి ఇరవై రెండేళ్ళు, అప్పటినుంచీ ఇదే. మా మరిది రోలీని అతని భార్య వదిలి వెళ్ళిపోయాక అతని బట్టలు కూడా ఈ పెట్టెలోకే చేరాయి. ఉతుకుతావా అని ఎవరూ నన్ను అడగలేదు. ఒక ఆదివారం సంచి తెచ్చి వాషింగ్ మెషీను మీద పెట్టి వెళ్ళాడు, అంతే.

బట్టలతో అయిపోదు. వాళ్ళు బాణంతో జింకను కొట్టి తెచ్చి కొట్టాంలో వేలాడదీసి బీరు తాగడానికి వెళ్తే, తోలు ఒలిచేది నేను, ఎముక నుంచి మాంసం విడదీసేది నేను, సాసేజీలు కూరేది నేను, తెల్ల కాగితంలో చుట్టి తేదీ రాసి ఫ్రీజర్లో పేర్చేది నేను. తలలు మాత్రం గోడ మీదికి వెళ్తాయి. మా ముందుగదిలో పదకొండు తలలున్నాయి. వాటి గాజు కళ్ళ మీద దుమ్ము తుడిచేది కూడా నేనే.

పెళ్ళయిన రెండో ఏడు, నాకూ ఒక మంచె కావాలని మామగారిని అడిగాను. కిక్కపూ ఏటి పైన మా కొండవాలులో అప్పటికి ఐదు చెట్ల మీద ఐదు మంచెలున్నాయి. జింకలు దిగే ప్రతి దారి మీదా ఒకటి. మామగారు ఓరిన్ భోజనం దగ్గర నవ్వి, "చెట్లన్నీ పంచేసుకున్నాం అమ్మాయ్. ఇంకా ఏమైనా మిగిలిందంటే నేలే," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కొత్త కోడలికి అది కూడా ఇంటిపనే.

నేల తీసుకున్నాను. కొండ నడుం మీద, దారి రెండుగా చీలే చోట, గాలివానకి వేళ్ళతో సహా కూలిన ఓక్ చెట్టు ఒకటుండేది. మట్టి పట్టుకున్న ఆ వేళ్ళు గోడలా లేచి ఉండేవి. వాటికి వీపు ఆనించి, మోకాళ్ళ మీద, ఒళ్ళో విల్లు పెట్టుకుని కూర్చునేదాన్ని. మొదటి రెండేళ్ళు ఒక్క జింకా దొరకలేదు. చెట్టెక్కినవాడు జింక చూపుకి పైన ఉంటాడు. వాడి వాసన జింక తల మీంచి పోతుంది. నేల మీద కూర్చున్నదానికి ఆ వీలు లేదు. దాని కన్నూ నా కన్నూ ఒకే ఎత్తులో ఉంటాయి. రెప్ప కొట్టినా చూస్తుంది. విల్లు లాగాలంటే దాని తల చెట్టు మొదలు వెనక్కి వెళ్ళేదాకా ఆగాలి, ఆ రెండు క్షణాల్లో లాగెయ్యాలి. గాలి ఎటుందో చూడకుండా అడుగు వేయకూడదు. ఇవన్నీ నాకెవరూ చెప్పలేదు. తప్పిపోయిన ప్రతి జింకా ఒకటి చెప్పి పోయింది.

మూడో ఏడు పన్నెండు అడుగుల దూరంలో ఒక ఆడ జింకను కొట్టాను. నలభై అడుగులు పరిగెత్తి పడిపోయింది. కొట్టాం దాకా ఒక్కదాన్నే లాక్కొచ్చాను. డెల్మర్ దాని చుట్టూ ఒకసారి తిరిగి, ముసలిదీ గుడ్డిదీ అయ్యుంటుందన్నాడు. మా అత్తగారు వెర్నా కిటికీలోంచి చూసి, మగాళ్ళు ఆకలితో ఉంటే కోడలు ఎక్కడ తిరుగుతోందంది. అప్పటినుంచి ఊళ్ళో ఎవరు కనిపించినా డెల్మర్‌కి అదే జోకు: "మా ఆవిడ జింకల్ని వేటాడదయ్యా, వాటితో కూర్చుని పేకాడుతుంది."

అననీ అనుకున్నాను. నిజం చెప్పాలంటే నాకు జింకలకంటే ఆ కూర్చోవడమే కావాలి. స్కూలు వంటగదిలో పొద్దున్నించీ రెండొందల మంది పిల్లలకి వండి వడ్డించి, ఇంటికొచ్చి మళ్ళీ వండే ముందు, అక్టోబరు మధ్యాహ్నాల్లో రెండు గంటలు. అక్కడ ఎవరూ నన్ను పిలవరు. కాఫీ అడగరు. మేజోళ్ళు ఎక్కడున్నాయని అడగరు. ఆకు రాలిన చప్పుడు, ఉడుత చప్పుడు, జింక చప్పుడు వేరువేరుగా వినిపించేవి. నా ఊపిరి చప్పుడు కూడా. అది నాకుందని నాకు మిగతా సంవత్సరమంతా గుర్తుండేది కాదు.

నాలుగేళ్ళ కిందట డెల్మర్ చెట్టు మీంచి పడ్డాడు. మంచెను చెట్టుకి కట్టే పట్టీ అరిగిపోయింది. మార్చమని మూడేళ్ళుగా చెబుతూనే ఉన్నాను. చెట్టెక్కనిదానికి పట్టీల సంగతి ఏం తెలుసన్నాడు. నడుముకి కట్టుకునే తాడు కూడా కట్టుకోలేదు, అది పిరికివాళ్ళకట. నేను రెండొందల అడుగుల దూరంలో నా వేళ్ళ గోడ దగ్గర ఉన్నాను. ఇరవై అడుగుల ఎత్తునుంచి మనిషి పడితే పెద్ద చప్పుడేం రాదు. గోధుమ బస్తా దించినట్టు ఉంటుంది. పరిగెత్తాను. అంబులెన్సు కొండెక్కి వచ్చేదాకా గంటకు పైగా అతని తల కదలకుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. నా చేతులు నాకు తెలియకుండా పోయాయి.

ఆస్పత్రి వరండాలో వెర్నా నా ఎదురుగా వచ్చి నిలబడింది. "బట్టలు ఉతుకుతావు, సంచి సర్దుతావు. ఆ పట్టీ ఒక్కటీ చూడలేకపోయావా అమ్మాయ్?" అంది. తలుపు తెరిచే ఉంది. లోపల మంచం మీద డెల్మర్‌కి ఆ మాట వినబడింది. అతను పైకప్పు కేసి చూస్తూ ఊరుకున్నాడు. అతని కాళ్ళు పడిపోయాయని డాక్టరు చెప్పినప్పుడు ఏడ్చాను గానీ, అతను ఊరుకున్న ఆ నిమిషం నన్ను ఏడవనివ్వలేదు, ఇప్పటికీ.

ఆ తర్వాతి సంగతి ఏ ఆడదానికైనా తెలుసు, చెప్పక్కర్లేదు. పక్క మీద తిప్పడం, మూత్రం గొట్టం మార్చడం, పుళ్ళు పడకుండా మందు రాయడం. స్కూల్లో సగం రోజు పనికి మారాను. రోలీ వచ్చి అన్నతో పాటు టీవీ చూసి, ప్లేటు సోఫా కింద పెట్టి వెళ్ళేవాడు. చర్చిలో ఆడవాళ్ళు నా చెయ్యి పట్టుకుని, డెల్మర్ ఎంత ధైర్యవంతుడో అనేవారు. ఆ మూడు శరత్తులూ నేను కొండెక్కలేదు. విల్లు కొట్టాంలో మేకుకి వేలాడుతూ ఉండేది.

పోయిన సంవత్సరం ఆగస్టులో, స్నానం చేయిస్తుంటే, మళ్ళీ వేటకి వెళ్తానన్నాడు. నడవలేనివాళ్ళకి, తుపాకీలా ట్రిగ్గరున్న అడ్డ విల్లుకి అనుమతి ఇస్తారట, దాన్ని లాగడానికి నడుం బలం అక్కర్లేదట. చెట్టు ఎలాగూ ఎక్కలేడు కాబట్టి నేల మీదినుంచే. "ఎక్కడా?" అన్నాను. నాకప్పటికే తెలుసు. "నీ చోటే. నువ్వెలాగూ వెళ్ళట్లేదు కదా," అన్నాడు.

శనివారం నేను సరుకులకి వెళ్ళినప్పుడు రోలీ మోటారు రంపం పట్టుకెళ్ళి చక్రాల కుర్చీకి దారి చేశాడు. తిరిగొచ్చి చూస్తే కూలిన ఓక్ చెట్టు దుంగలు దుంగలుగా పేర్చి ఉంది. వేళ్ళ గోడని ట్రాక్టరుతో పక్కకి దొర్లించేశాడు. అది ఉన్నచోట ఆకుల రంగు గుడ్డ డేరా, లోపల కుర్చీ పట్టేంత చదును. "ఇప్పుడు చూడు, ఎంత శుభ్రంగా ఉందో," అన్నాడు రోలీ. పొయ్యిలోకి కట్టెలు కూడా అయ్యాయన్నాడు.

నా పని ఏమిటో వాళ్ళే చెప్పారు. కుర్చీ తొయ్యాలి, హీటరు పెట్టాలి, కాఫీ పొయ్యాలి, పక్కన పీట మీద కదలకుండా కూర్చోవాలి. నా విల్లు తెచ్చుకుంటానంటే, ఒక డేరాలో రెండు విల్లులేమిటన్నాడు. వారం రోజులు కూర్చున్నాం. అతనికి కదలకుండా ఉండటం రాదు. ఇన్నేళ్ళూ పైన కూర్చుని ఇష్టమొచ్చినట్టు కదిలినవాడు. మాటిమాటికీ విల్లు సర్దుకునేవాడు, దగ్గేవాడు, గుడ్డ కిటికీ తెరిచి మూసేవాడు. జింకలు దూరంనుంచే తోకలెత్తి పోయేవి. అతను నాకేసి తిరిగి, నీ ఒంట్లోంచి ఉల్లిపాయ వాసనొస్తోందనేవాడు. ఒకసారి, నువ్వు ఊపిరి గట్టిగా తీస్తున్నావన్నాడు.

ఎనిమిదో రోజు ఒక పెద్ద కొమ్ముల జింక దిగింది. దాన్ని ముందు చూసింది నేను. అతని మోచెయ్యి నొక్కాను. పక్కకి తిరిగేదాకా ఆగమని చేత్తో సైగ చేశాను. ఆగలేదు. బాణం కడుపులో దిగింది. జింక వీపు గూనిలా వంచి, తోక అణుచుకుని, నడుస్తూ పొదల్లోకి వెళ్ళింది. పరిగెత్తలేదు. అలా తగిలిన జింకను తెల్లారేదాకా ముట్టకూడదు. వదిలేస్తే దగ్గర్లోనే పడుకుని ప్రాణం వదులుతుంది. వెంటపడితే నొప్పితో మైళ్ళు ఈడ్చుకుపోతుంది. ఆ మాటే చెప్పాను.

"పొద్దున పత్రికామ్మాయి నా గురించి రాయడానికి, ఫొటోకి వస్తోంది. వెళ్ళు," అన్నాడు.

"అది ఇంకా బతికుంది డెల్మర్."

"అయితే చంపిరా. నాకు కాళ్ళుంటే నిన్ను అడుగుతానా?"

ఆ మాట తర్వాత ఇంక ఏ మాటా ఉండదు మా ఇంట్లో. కత్తి, తాడు తీసుకుని వెళ్ళాను. రెండుసార్లు అది పడుకున్నచోటికి చేరాను, రెండుసార్లూ లేచి పోయింది. లేచినచోట ఆకుల మీద నెత్తురు కాదు, కడుపులోంచి కారిన పచ్చని పసరు. మూడోసారి వాగులో, నీళ్ళలో ముందుకాళ్ళు మడిచి ఉంది. లేవాలని చూసింది, వెనక భాగం లేవలేదు. నేను నీళ్ళలోకి దిగి, దాని మెడ మీద మోకాలు ఆనించి, కొమ్ము పట్టుకుని, కత్తి పెట్టాను. అంత మొరటు పని నేనెప్పుడూ చెయ్యలేదు. దాని వెనక కాళ్ళు ఈడ్చుకుంటున్న తీరు నాకు తెలుసు. రోజూ ఎత్తే కాళ్ళు అలాగే ఉంటాయి. ఆ క్షణంలో నా చెయ్యి ఆగలేదు, అది నన్ను భయపెట్టింది.

మర్నాడు పత్రికామ్మాయి వచ్చింది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయి, మంచి పిల్ల. జింక తల అతని ఒళ్ళోకి ఎత్తి పెట్టింది నేను. కొమ్ములు పక్కకి వాలకుండా వెనకనుంచి పట్టుకున్నదీ నేనే. "మీరు కొంచెం పక్కకి జరుగుతారా, నీడ పడుతోంది," అందా పిల్ల. గురువారం కౌంటీ పత్రికలో వేశారు. చెట్టు విడిచినా గురి విడవని వేటగాడు అని పైన పెద్ద అక్షరాలు. నేల మీది వేట ఎవరు నేర్పారని అడిగితే డెల్మర్ చెప్పిన జవాబు కింద ఉంది: ఎవరూ నేర్పలేదు, ఓపికతో నేనే నేర్చుకున్నాను. ఫొటో ఒక అంచున నా మోచెయ్యి పడింది.

ఆదివారం భోజనానికి అందరూ వచ్చారు. వెర్నా ఆ కాగితం కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించి, దేవుడు ఒక చేత్తో తీసుకుని ఇంకో చేత్తో ఇచ్చాడంది. డెల్మర్ వేట కథ మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి జింక ఇంకా దూరంలో ఉంది, బాణం గుండెలోకే దిగింది. నేను బంగాళదుంపల గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాను. పక్కన మనిషి మెసులుతూ చెడగొట్టకపోతే వారం ముందే కొట్టేవాణ్ణన్నాడు. ఆడ జింకను కొట్టే అనుమతి చీటీ ఇంకా మిగిలే ఉందట. ఈసారి తనను కూర్చోబెట్టి వెళ్ళిపోతే చాలట, ఒక్కడే కొట్టి చూపిస్తాడట.

"సరే," అన్నాను.

అందరూ నాకేసి చూశారు. నేను దుంపలు వడ్డించాను. ఎవరికెంత కావాలో నాకు తెలుసు, అడగక్కర్లేదు.

శుక్రవారం మధ్యాహ్నం స్కూలు నుంచి వచ్చి అతనికి బట్టలు తొడిగాను. కాళ్ళ మీద రెండు దుప్పట్లు కప్పి, హీటరు వెలిగించి, కాఫీ ఫ్లాస్కు చేతికందేలా పెట్టి, వాకీటాకీ జతలో ఒకటి అతని మెడలో వేసి రెండోది నేను తీసుకున్నాను. డేరా ముందు గుడ్డ తెరిచాను, వెనక గుడ్డ కూడా తెరిచాను. గాలి అతని వాసన మోసుకుని, వీపునుంచి పైవాలు కేసి, జింకలు దిగివచ్చే ఓకుల కేసి, తిన్నగా పోతోంది.

"గాలి ఎలా ఉంది?" అన్నాడు.

"బాగుంది," అన్నాను.

కొట్టాం వెనక పొద్దున్నే దాచిన నా విల్లు తీసుకుని, చుట్టూ తిరిగి, దారి చీలికకి కింద ఉన్న వాగులోకి దిగాను. మనిషి వాసన తగిలిన జింక వచ్చిన దారినే వెనక్కి పోదు, అది ఆకలి వేళ. కింద మొక్కజొన్న చేనుకి చేరాలి కాబట్టి పక్కదారి చూసుకుంటుంది. ఆ పక్కదారి వాగే. గట్టు కింద మోకాళ్ళ మీద కూర్చున్నాను. చాలా రోజుల తర్వాత ఉడుత చప్పుడు వేరుగా వినిపించింది.

నాలుగు దాటాక మూడు ఆడ జింకలు దిగాయి. చీలిక దగ్గర ముందుది ఆగి, తలెత్తి, డేరా కేసి ముక్కు సాచింది. నేల మీద ముందుకాలు ఒకసారి తాటించి, వాగులోకి తిరిగింది. మిగతా రెండూ దాని వెనకే. దాని తల ఒక చెట్టు వెనక్కి వెళ్ళినప్పుడు విల్లు లాగాను. పది అడుగుల్లో వదిలాను. ముందు భుజం వెనక, సరిగ్గా కావలసిన చోట. గట్టెక్కి పరుగెత్తింది. కాసేపటికి ఎండుకొమ్మలు విరిగిన చప్పుడు వినిపించింది, తర్వాత ఏమీ లేదు.

విల్లు ఆకుల మీద పెట్టాను.

అప్పుడు వాకీటాకీ గరగరమంది. "ఆర్లిస్, ఒక్కటీ రావట్లేదు. హీటరు ఆరిపోయింది. దుప్పటి జారింది, చెయ్యందట్లేదు. వచ్చి సర్దు." కొంచెం ఆగి, "ఆర్లిస్? వినబడుతోందా?" అన్నాడు. గొంతులో చిరాకు కింద ఇంకేదో ఉంది. అతను పడ్డాక ఇన్నేళ్ళలో నేనెప్పుడూ విననిది.

వినబడుతోంది. గడ్డకట్టేంత చలి కాదు, అతనికేం కాదు. ఎదురు చూడాలి, అంతే. ఎంత బాగా తగిలినా జింక దగ్గరికి వెంటనే వెళ్ళకూడదు, అరగంట ఆగాలి. నేను వాకీటాకీ మీట తిప్పి ఆపేశాను. గట్టుకి వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని, వాచీ చూసుకున్నాను. అరగంట కాదు, గంట ఆగుదామనుకున్నాను.