‘ఆలోచిస్తాను’ అంటే

బ్యాంకాక్ వెళ్లిన కొత్తలో హరీశ్‌కు అన్నిటికన్నా ఎక్కువ కోపం తెప్పించింది అక్కడివాళ్ల నవ్వు.

హరీశ్‌ది వరంగల్ కాశిబుగ్గ. నేతపనివాళ్ల ఇల్లు. చిన్నతనంలోనే తండ్రి పోతే మేనమామ యాదగిరి తెచ్చి పెంచుకుని, టెక్స్‌టైల్ డిప్లొమా చదివించాడు. ఆ చదువుతోనే బ్యాంకాక్‌లో పరదాలు, తివాచీలు అమ్మే ఒక కంపెనీలో సరుకు నాణ్యత చూసే ఉద్యోగం వచ్చింది. యాదగిరి ఇంట్లో దాపరికాలుండేవి కావు. నేత చెడితే తిట్టు, కుదిరితే వీపు మీద చరుపు. పొద్దున తిట్టిన మనిషే మధ్యాహ్నం పక్కన కూర్చోబెట్టుకుని అన్నం తినేవాడు.

బ్యాంకాక్‌లో అలా కాదు. “శుక్రవారానికి ఎర్ర సరుకు ఇస్తావా?” అని అద్దకం మేస్త్రీని అడిగితే, అతను నవ్వి “దాయ్ ఖ్రప్” అనేవాడు. అవుతుంది సార్, అని. శుక్రవారం వచ్చేది గాని సరుకు వచ్చేది కాదు. ఒకసారి హరీశ్ ఓపిక చచ్చి నలుగురిలో అతని మీద అరిచాడు. మేస్త్రీ అప్పుడూ నవ్వాడు. మర్నాటి నుంచి భోజనాల దగ్గర హరీశ్ పక్కన ఎవరూ కూర్చోలేదు. ఏమైందని అడిగితే ఏమీ లేదన్నారు, అదీ నవ్వుతూనే.

భార్య భారతికి ఆ ఊళ్లో కష్టాలు వేరు. శనివారాలు ఆమె నీచు ముట్టదు. మాంసం వద్దని సైగలతో చెబితే హోటలామె ఎంతో శ్రద్ధగా ముక్కలన్నీ ఏరేసి, ఆ పులుసే తెచ్చి ముందు పెట్టింది. కూరగాయలే వండమంటే వండింది, పైన చేపల రసం చిలకరించి. కానీ నవ్వుకోవడానికీ ఆ ఊళ్లో చాలానే దొరికేవి. పక్క గది ఆవిడ హరీశ్‌ను చూపించి “మీ సామీ వచ్చాడు” అన్న రోజు, భారతి ఇంట్లోకొచ్చి పడీ పడీ నవ్వింది. థాయ్ భాషలో భర్తను సామీ అంటారు. “సామీ అంట! మాలెప్పుడు ఏసుకున్నవ్?” అని హరీశ్‌ను వారం రోజులు ఏడిపించింది. కొన్నాళ్లు అతన్ని పిలవాలంటే “సామియే శరణం” అనే పిలిచేది.

ఏళ్లు గడిచేకొద్దీ హరీశ్‌కు నవ్వుల్లో తేడాలు తెలిశాయి. పెదవులు మాత్రమే కదిలితే ‘కాదు’ అని. తల కాస్త పక్కకు వంచి నవ్వితే ‘ఇక ఈ మాట వదిలెయ్’ అని. వాళ్ల భాషలో ‘క్రెంగ్ జాయ్’ అని ఒక మాటుంది. మన మొగమాటం లాంటిదే, ఇంకాస్త లోతు. ఎదుటి మనిషి మనసు చిన్నబుచ్చడానికి వెనకాడటం. దాన్ని అర్థం చేసుకున్నాక హరీశ్ అరవడం మానేశాడు. అద్దకం మేస్త్రీ కొడుకు పెళ్లికి పిలుపు కూడా వచ్చింది. “మా ఆయన ఇప్పుడు ఎవర్నీ కసురుతలేడు” అని భారతి వరంగల్‌కు ఫోన్ చేసి గొప్పగా చెప్పేది.

ఆ కంపెనీలో ఏ సరుకు కొనాలో తేల్చేది సుదా అనే పెద్దావిడ. ఆమె హైదరాబాద్‌లో ఒక ప్రదర్శన చూడటానికి వస్తూ హరీశ్‌ను తోడు తెచ్చుకుంది. ఇంత దూరం వచ్చాం గదా అని అతనే బతిమాలి ఆమెను వరంగల్ తీసుకెళ్లాడు. యాదగిరి ఇంట్లో ఆరు మగ్గాల మీద జంపఖానాలు నేస్తారు. పేటలో ఇంకా నేసేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మందే. మామ నేసిన జంపఖానా బ్యాంకాక్ దుకాణంలో పరిచి ఉంటే చూడాలని హరీశ్‌కు ఎన్నాళ్ల నుంచో ఆశ.

సుదా చెప్పులు విప్పి, చేతులు జోడించి లోపలికొచ్చింది. యాదగిరి భార్య మొగిలమ్మకు ఆ దండం ఎంతో నచ్చింది. మంచినీళ్లిచ్చి, “లగ్గమైందా బిడ్డా? పిల్లలెందరు? జీతమెంతిస్తరు?” అని వరసగా అడిగింది. హరీశ్ సిగ్గుతో సగం మింగి, సగం అనువదించాడు. సుదా నవ్వుతూ అన్నిటికీ జవాబిచ్చింది. పెట్టినవన్నీ తిన్నది. తర్వాత మగ్గం పక్కన మోకాళ్ల మీద కూర్చుని జంపఖానా అంచు వేళ్లతో నిమిరి, ఒక మూల ఎత్తి బరువు చూసి కింద పెట్టింది. “చాలా అందంగా ఉంది. నిజంగా. నేను ఆలోచిస్తాను” అంది. తల కాస్త పక్కకు వంచి నవ్వింది.

హరీశ్‌కు ఆ క్షణమే అర్థమైంది.

“ఏమంటాంది రా?” యాదగిరి ఆత్రంగా అడిగాడు.

“మస్తు అందంగున్నయ్ అంటాంది మామా. ఆలోచిస్త అన్నది.”

“అంటే ఆర్డర్ వస్తదా?”

హరీశ్ నవ్వాడు. ఆ నవ్వు చూసి యాదగిరి మొహం విప్పారింది. మగ్గం మీదున్న ఎల్లస్వామిని పిలిచి, “అరే ఎల్లస్వామీ, జర చాయ్ పట్టుకరా, స్పెషల్!” అని కేకేశాడు. ఎల్లస్వామి ఆ ఇంట్లో హరీశ్ పుట్టకముందు నుంచి నేస్తున్నవాడు. మగ్గం గుంటలోంచి లేచి, పంచె దులుపుకుని, పరుగులాంటి నడకతో వెళ్లాడు.

హైదరాబాద్ వెళ్లే కారులో సుదా జనగామ దాటాక మెల్లగా, “మీ మామయ్య మంచి మనిషి. కానీ ఈ బరువు మన కొనుగోలుదారులు మొయ్యరు, ఉతుక్కోలేరు. ఆయన మొహం చూసి చెప్పలేకపోయాను. నీ భాషలో నువ్వు మంచిగా చెప్పు. చెబుతావుగా?” అంది.

“దాయ్ ఖ్రప్,” అన్నాడు హరీశ్.

బ్యాంకాక్ చేరాక మొదటి ఆదివారమే చెప్పాలనుకున్నాడు. ఫోన్ ఎత్తగానే మామ గొంతులో సంతోషం వినిపించి, ఆరోగ్యం సంగతి అడిగి పెట్టేశాడు. మరో ఆదివారం మొగిలమ్మే ఫోన్ తీసుకుంది. “మీ సుదమ్మ మళ్లెప్పుడొస్తది? ఆమెకు పచ్చిపులుసు నచ్చింది గద” అంది. ఆ మాట మీద ఈ మాట ఎలా చెప్పడం? ఇంకో వారం ఆగితే మామే మరిచిపోతాడని తనకు తాను సర్ది చెప్పుకున్నాడు. యాదగిరి ఏదీ మరిచిపోయే మనిషి కాదని తెలిసి కూడా.

ఒక మధ్యాహ్నం యాదగిరే వీడియో కాల్ చేశాడు. ఫోన్ పట్టుకుని మగ్గాల గదంతా తిప్పి చూపించాడు. అన్నిటి మీదా కొత్త పడుగు ఎక్కింది, తెల్లగా, బిగువుగా.

“గుండయ్య సేటు పని బందు వెట్టిన అల్లుడా. మీ ఆర్డర్ పెద్దదుంటది గద, రొండు పడవల మీద కాళ్లెందుకని. పేక నూలుకు రంగులు జెప్పు, అద్దిస్త.”

గుండయ్య బజారులో పెద్ద వ్యాపారి. యాదగిరి మగ్గాలకు ఏడాది పొడుగునా పనిచ్చేది ఆయనే.

హరీశ్ “కనుక్కుంటాన మామా. చెప్త,” అన్నాడు. నవ్వాడు కూడా.

ఫోన్ పెట్టేసేసరికి భారతి వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. సుదా కారులో ఏమన్నదో హరీశ్ భారతికి వచ్చిన రోజే చెప్పాడు. మామకూ చెప్పే ఉంటాడనుకుంది.

“ఆయనకు చెప్పలేదా నువ్వు?”

“చెప్దామనే అనుకున్న. ఆయన మనసు నొప్పిచ్చుడు ఎందుకని...”

“మనసు నొప్పి! సేటు పని పోగొట్టుకున్నడు ఆయన. గిప్పుడు నొయ్యదా?” అంది భారతి. “ఈ ఊరోళ్లు చెప్పకపోతే వాళ్లకు వాళ్లు అర్థం చేసుకుంటరు. మామకేం ఎరుక? నువ్వు నవ్వితే ఆయన అవునే అనుకుంటడు. నీతోటి గిట్ల ఎవలన్న జేస్తే నువ్వే గదా ఇల్లు పీకి పందిరేసెటోనివి!”

హరీశ్‌కు ఇది ఫోన్‌లో చెప్పే మాట కాదనిపించింది. ఆ రోజే సుదాను అడిగి సెలవు పెట్టాడు. ఎందుకని ఆమె అడగలేదు. అతని మొహంలో ఏం చూసిందో, “ఇంకా చెప్పలేదా?” అని మాత్రం అంది. ఆమె ఈసారి నవ్వలేదు.

చెప్పకుండా వరంగల్‌లో దిగిన మేనల్లుణ్ని చూసి యాదగిరి రంగుల కాగితం తెచ్చాడనుకున్నాడు. హరీశ్ సంచీ కూడా దించకుండా, గుమ్మంలోనే, “మామా, ఆర్డర్ రాదు. ఆమె వద్దన్నది. నాకు ఆనాడే ఎరుక,” అన్నాడు.

యాదగిరి కాసేపు అర్థం కానట్టు చూశాడు. తర్వాత పట్టిన కోపం వీధి చివరిదాకా వినిపించింది.

“ఆనాడే ఎరుకైతే నోట్ల ఏం వెట్టుకున్నవ్ రా? నేను అడగలేదా నిన్ను? మొకం మీద మొకం వెట్టి అడగలేదా? వద్దంటే సస్తనా నేను? సేటు దిక్కు ఏ మొకం వెట్టుకొని పోవాలె?”

మొగిలమ్మ నీళ్ల చెంబుతో వచ్చి మధ్యలోనే ఆగిపోయింది. హరీశ్ తలొంచుకుని నిలబడ్డాడు. ఎన్నో ఏళ్లుగా తన మీద ఎవరూ ఇలా అరవలేదు. అరుపు అయిపోతే మామ ఎప్పటిలా అన్నానికి పిలుస్తాడనుకున్నాడు. యాదగిరి పిలవలేదు. ఒక్కడే తిని, మంచం వాకిట్లోకి లాక్కుని, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

పొద్దున ఇద్దరూ గుండయ్య దుకాణానికి వెళ్లారు. సేటు వాళ్లను చూసి కూడా చూడనట్టు చాలాసేపు వేరే బేరాలు చేసుకున్నాడు. యాదగిరి అరుగు మీద కూర్చోకుండా నిలబడే ఉన్నాడు. ఆ వయసులో ఆయన అలా నిలబడటం హరీశ్ చూడలేకపోయాడు.

“ఏమైంది యాదగిరీ, ఫారిన్ ఆర్డర్?” చివరికి అడిగాడు సేటు.

మామ జవాబు కోసం ఆగకుండా హరీశ్ ముందుకొచ్చాడు.

“అది నా తప్పు సేటూ,” అన్నాడు హరీశ్. “రాదని నాకెరుకే. మామకు చెప్పలే. ఆయనను నమ్మిచ్చింది నేనే. పని మళ్ల ఇయ్యుండ్రి.”

గుండయ్య కళ్లద్దాల పైనుంచి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. “నీ పని వర్ధన్నపేటోళ్లకు ఇచ్చిన. వాళ్లది గుంజుకొని నీకిస్తనా? సగం మగ్గాలకు ఇస్త. మిగిలింది దసరా ఎన్కకు చూద్దాం.”

తిరిగొచ్చాక ఇంటి ముందర బండి ఆపి, యాదగిరి దిగకుండానే అన్నాడు. “సగం మగ్గాలంటే ముగ్గురు ఇంటికాడ కూసుంటరు. ఎల్లస్వామి ముందుగాల. చేతులు వణుకుతానయ్ ఆయనకు, ఇంకో తాన ఎవలు వెట్టుకోరు. నేను చెప్పను. నువ్వే పోయి చెప్పు.”

ఎల్లస్వామి ఇల్లు రెండు సందుల అవతల. ఆయన గడపలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. హరీశ్‌ను చూడగానే లేచి, కుర్చీ లాగి, తువ్వాలుతో దులిపాడు.

“ఎప్పుడొచ్చినవ్ బిడ్డా? రంగులు తెచ్చినవా?”

కుర్చీలో కూర్చోవడానికి హరీశ్‌కు మనసొప్పలేదు. ముసలాయన మొహం వెలిగిపోతోంది. హరీశ్ పెదవుల మీదికి అలవాటైన నవ్వు దానంతటదే వస్తుంటే గట్టిగా బిగబట్టాడు.

“లేదే కాకా. ఆర్డర్ రాలే. ఇగ రాదు.”

“ఎన్కకైనా?”

“ఎన్కకైనా రాదు. సేటు గూడ సగం పనే ఇస్తాన్నడు. నీ మగ్గం ఆపాల్సొస్తాంది. నా వల్లనే.”

ఎల్లస్వామి తువ్వాలు మడిచి భుజం మీద వేసుకున్నాడు. చాలాసేపు సందులోకి చూశాడు. హరీశ్ నిలబడే ఉన్నాడు. ముసలాయన తిట్టయినా సరే ఏదో ఒక మాట అంటాడని, అనేదాకా వెళ్లకూడదని.